దీర్ఘరోగమునకు కథ తోడు

సామాన్యజ్వరము నాలుగు దినములుండి పోవును. విరిగిన యెముక కొన్ని మాసములలో నదుకుకొనును. మధుమేహము, రక్తపుపోటు మున్నగునవి యట్టివి కావు. ఒకసారి వచ్చిన పిదప బహుకాలము, పెక్కుమందికి బ్రదికినన్నాళ్లును, వెంట నుండును. భారత వైద్య పరిశోధన మండలివారు జరిపి 2023లో ప్రకటించిన గణన ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకును, రక్తపుపోటు గలవారు 31 కోట్లకును మించియున్నారు. కావున నీ విషయము మనలో నెవ్వరికిని పరాయిది కాదు.

ఇట్టి వ్యాధులయందు వైద్యుడు రోగిని జూచునది యెన్నడో కొంతసేపు. తక్కిన దినములన్నిటను వేళకు మందిచ్చునది, పథ్యము వండునది, రోగి విసుగును సహించునది గృహిణియే. తానే రోగి యైనచో నందఱకును వడ్డించి తన మాత్రను మఱచునదియు నామెయే. ఆమెకు మేము సూచింపదలచిన సాధన మొకటి గలదు. అది కథ.

మా మనూరు ప్రాంతము మంజీరానది పాఱు సీమ. చేనిపనులలోను, సాయంకాలము అరుగులపైనను స్త్రీలు చెప్పుకొను మాటలలో రోగకథలు పెక్కులు. "ఫలానా యామె యాకుపసరు త్రాగి మాత్రలు మానినది, చక్కగా నున్నది" యను కథ యూరంతయు వేగముగ వ్యాపించును. మా వీధిలో నొక పెద్దమ్మ యట్టి కథ విని మధుమేహపు మందు మానివేసెను. ఒంట నే బాధయు లేకుండుటచే రోగము పోయెనని నమ్మెను. ఒకనాడు చేనిలో కొయ్యకాలు గ్రుచ్చుకొనగా, పాదము మొద్దుబాఱి యుండుటవలన నొప్పి తెలియలేదు. పుండు ముదిరి తుదకు రెండు వ్రేళ్లు తీయవలసి వచ్చెను. చెడ్డకథ చేయు కీడట్టిది. దానిని వాదముతో నోడించుట కష్టము; మంచికథయే దానికి విరుగుడు.

మంచికథ యెట్లుండవలెను? నన్నయభట్టు తెనిగించిన అరణ్యపర్వభాగమున దీని మర్మము గలదు. రాజ్యము గోలుపోయిన ధర్మరాజు తనవంటి దుఃఖి వేఱొకడు గలడా యని బృహదశ్వమునితో వాపోవును. ముని యాతనిని మందలింపక నలమహారాజు కథ చెప్పును. జూదమున సర్వమును బోగొట్టుకొని, భార్యను బాసి, వికృతరూపుడై పరుల కొలువున నుండియు మరల నిలద్రొక్కుకొన్నవాని కథ యది. అంతటితో నూరకొనక ముని ధర్మరాజునకు అక్షహృదయమను విద్యను గూడ నొసగును. నీ వొంటరివాడవు కావని కథ తెలిపినది; ఇక నేమి చేయవలెనో విద్య తెలిపినది. రోగికిని ఈ రెండును గావలెను.

నేటి వైద్యులును దీనిని పరీక్షించి చూచిరి. అమెరికాలో అలబామా రాష్ట్రమునందలి బర్మింగ్‌హామ్ నగరమున రక్తపుపోటు గల 299 మంది ఆఫ్రికాసంతతివారితో జరిపిన పరీక్ష ఫలితములు 2011లో వెలువడినవి. అట్టి రోగులే తమ యనుభవములను చెప్పగా చిత్రించి యొక పక్షమువారికిచ్చిరి; రెండవ పక్షమువారికి వేఱు ఆరోగ్యవిషయముల చిత్రములిచ్చిరి. మొదట పోటు అదుపులో లేనివారిని మూడు మాసముల పిమ్మట పరీక్షింపగా, కథలు చూచినవారి పైపోటు రెండవ పక్షమువారికంటె సుమారు 11 మిల్లీమీటర్లు అధికముగ తగ్గెను. తరువాత ఇరుపక్షములవారికిని పోటు కొంత పెరిగినను, కథలు చూచినవారి మేలు నిలిచియే యుండెను.

దీనివలన తెలియున దేమన, చెప్పువారు వినువారివంటివారై యుండవలెను. మాకు పొరుగున జహీరాబాదు ప్రాంతమందలి మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియోలో పల్లెస్త్రీలే తమ మాటలలో తమ బ్రదుకును చెప్పిరి. తనవంటిదాని నోట వచ్చిన మాట చెవితో నాగక మనసున నాటును.

ఇంటిలో చేయవలసినది సులభము. మొదట రోగినే తన కథ చెప్పనిండు. నడుమ నడ్డు రాకుడు. ఆమె భయమెచ్చట నున్నదో యప్పుడు తెలియును. పిదప నదే వ్యాధితో నిబ్బరముగ కాపురము చేయుచున్న యొకామెను పిలిచి మాటలాడింపుడు. ప్రతి కథ చివరను ఒక్క పని యుండవలెను. నిత్యము రాత్రి దీపమున పాదములు చూచుకొని ముల్లు, పుండు లేవని తెలిసికొన్న యామె కథ చెప్పుడు. మధుమేహపు మందు తీసికొని భోజన మాలస్యము కాగా చెమట పట్టి, చేతులు వణకినప్పుడు వెంటనే చక్కెరనీరు త్రాగి కోలుకొన్న యామె కథ చెప్పుడు. భయపెట్టు కథలు వలదు. రోగము మాయమగునని యాసపెట్టు కథలు అసలే వలదు. వైద్యుని యడుగక మందు మానవచ్చునను కథ యింటికి వచ్చినచో గడపయొద్దనే నిలుపుడు.

ఒక్కసారి చెప్పి చాలించుట తగదు. మాత్ర దినదినమును వేయవలసినట్లే, ధైర్యమును దినదినమును పోయవలసియుండును. వంట ముగిసిన పిదప పావుగంట, రోగి ప్రక్కన గూర్చుండుటకు వీలు కల్పించుకొనుడు.