హెడ్జ్‌హాగ్: ఎలుక కాని ఈ ‘ముళ్ల ఎలుక’ కనిపించినదల్లా ఎందుకు నములుతుంది?

గుమ్మం దగ్గర విడిచిన తోలు చెప్పును అది ముందుగా వాసన చూస్తుంది. రెండు మూడు సార్లు నాకుతుంది. ఆపై అంచును పట్టుకుని ఆగకుండా నమలడం మొదలుపెడుతుంది. కొద్ది నిమిషాల్లో నోటి నిండా తెల్లని నురుగు చేరుతుంది. అప్పుడు మెడను వెనక్కి మెలితిప్పి, పొడవాటి నాలుకతో ఆ నురుగును తన వీపు మీది ముళ్లకు పులుముకుంటుంది. పట్టు తప్పి పక్కకు పడిపోయినా లేచి మళ్లీ అదే పని చేస్తుంది.

పెంపుడు హెడ్జ్‌హాగ్ ఇలా చేయడం మొదటిసారి చూసినవారికి వెంటనే గుర్తుకు వచ్చేది పిచ్చికుక్క నోటి నురుగు. జంతువుకు రేబిస్ సోకిందేమోనని, విషం తిన్నదేమోనని కంగారు పడతారు. నిజానికి అది ఆరోగ్యంగా ఉన్న హెడ్జ్‌హాగ్ చేసే పనుల్లో ఒకటి. ఆందోళన పడవలసిన నమలడం వేరే ఉంది. అది ఇంత ఆర్భాటంగా ఉండదు కాబట్టి చాలామంది కంటపడదు.

పేరు తెచ్చిన చిక్కు

హెడ్జ్‌హాగ్‌కు తెలుగులో అందరికీ తెలిసిన పేరు లేదు. చూసినవారు ‘ముళ్లపంది’ అంటారు. కానీ ముళ్లపంది, ఏదుపంది అన్న పేర్లు వేరే జంతువువి. చేనుల్లో దుంపలు తవ్వి తినే, మూరెడు ముళ్లు గలగలలాడించే పెద్ద జంతువు అది. దశాబ్దాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయ్ వంటి చోట ఈ అయోమయం రెట్టింపవుతుంది. ఇంట్లో పెద్దలు ముళ్లపంది అంటే, హిందీ బడిలో చదివిన పిల్లలు ‘కాంటా చూహా’, అంటే ముళ్ల ఎలుక అంటారు. ఒక పేరు దాన్ని పందిని చేస్తే మరొకటి ఎలుకను చేసింది. అది రెండూ కాదు.

పెంచేవారు చేసే తొలి పొరపాటు ఈ పేరులోనే ఉంది. ఎలుక, ఉడుత, కుందేలు వంటి వాటి ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోకపోతే పళ్లు నోటికి అడ్డం పడతాయి. అసలైన ఏదుపంది కూడా ఈ కోవదే. అడవిలో దొరికిన ఎముకలను, రాలిన జింక కొమ్ములను గుహకు చేర్చి గీకుతుంది. పళ్లు అరగడంతో పాటు దానికి కావలసిన కాల్షియం కూడా అలా దొరుకుతుంది.

హెడ్జ్‌హాగ్ వంశం వేరు. దాని దగ్గరి చుట్టం ఎలుక కాదు, చుంచు. రాత్రిపూట గోడ వారగా కిచకిచమంటూ పరుగెత్తి, ఘాటైన వాసన వదిలిపోయే ఆ ప్రాణిని క్వార్టర్లలో ఉండేవారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. చుంచుకు, హెడ్జ్‌హాగ్‌కు ప్రధానమైన తిండి పురుగులు. మన ఇళ్లలో పెంచేది ఎక్కువగా ఆఫ్రికా మరుగుజ్జు హెడ్జ్‌హాగ్. దాని నోట్లో సాధారణంగా 36 పళ్లుంటాయి. పైదవడలో ముందున్న రెండు పళ్లు కొంచెం ఎడంగా, కొంకుల్లా ఉంటాయి. పురుగును పట్టకారులా పట్టి లాగడానికి అవి పనికొస్తాయి. వెనుక పళ్ల మొనలు బొద్దింక పెంకును, మిడత కాళ్లను పటపటా నలిపేస్తాయి. ఒకసారి వచ్చిన శాశ్వత దంతాలు మళ్లీ పెరగవు. విరిగితే విరిగినట్టే.

అందుచేత పళ్లు అరగాలని దానికి చెక్కముక్కలు, గట్టి రొట్టెలు, ఎలుకల కోసం అమ్మే కొరుకుడు కర్రలు ఇవ్వడం మేలు చేయదు. పల్లీలు, బాదం పలుకులు మరీ ప్రమాదం. గట్టిగా, గుండ్రంగా ఉన్న ముక్క పై అంగిట్లో ఇరుక్కుపోతే హెడ్జ్‌హాగ్ దాన్ని తనంతట తాను తీసుకోలేదు.

కప్ప విషం, తోలు చెప్పు

మరి చెప్పును ఎందుకు నమిలింది? ఆకలితో కాదు, వాసన కోసం. హెడ్జ్‌హాగ్ చూపు అంతంతమాత్రం. దాని లోకమంతా వాసనలతో అల్లుకున్నది. కొత్త వాసన తగిలినప్పుడు ఆ వస్తువును నమిలి, లాలాజలంతో కలిపి నురుగు చేసి ఒంటికి పూసుకుంటుంది. తోలు, పొగాకు, సబ్బు, అత్తరు, జిగురు, మనిషి చెమట — ఏదైనా ఈ చర్యను రేపవచ్చు. కళ్లు తెరిచి ఎన్నో రోజులు కాని పిల్లలు కూడా చేస్తాయి కాబట్టి ఇది నేర్చుకున్న విద్య కాదని తెలుస్తోంది.

దీని వల్ల దానికి ఏమి ప్రయోజనం? అమెరికా జీవశాస్త్రవేత్త ఎడ్మండ్ బ్రోడీ 1977లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ముఖ్యమైనది. హెడ్జ్‌హాగ్‌లు గోదురు కప్పను పట్టినప్పుడు దాని చర్మంలోని విషగ్రంథులను నమిలి, ఆ నురుగును ముళ్లకు పూసుకోవడం ఆయన గమనించారు. అలా విషం పూసిన ముళ్లు మనుషుల చర్మానికి గుచ్చుకున్నప్పుడు, మామూలు ముళ్లకన్నా ఎక్కువ మంట పుట్టింది. కప్ప విషాన్ని హెడ్జ్‌హాగ్ తట్టుకోగలదు. దానిపై నోరు వేసిన జంతువుకే ఇబ్బంది.

ఇలాంటి అరువు విషం కథ మరొకటి 2011లో వెలుగులోకి వచ్చింది. తూర్పు ఆఫ్రికాలోని జుట్టెలుక, అక్కడి వేటగాళ్లు బాణాలకు విషం తీసే చెట్టు బెరడును నమిలి తన వెంట్రుకలకు పూసుకుంటుందని శాస్త్రవేత్తలు నిరూపించారు. దాని జోలికి వెళ్లిన కుక్కలు చచ్చిపోయిన సందర్భాలున్నాయి.

అయితే చెప్పులోనూ, సబ్బులోనూ విషం లేదు కదా. కాబట్టి ఆత్మరక్షణ ఒక్కటే కారణమని చెప్పలేం. సొంత వాసనను కప్పిపుచ్చుకోవడానికని కొందరు, తోటి హెడ్జ్‌హాగ్‌లకు సంకేతమని మరికొందరు శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చర్చ ఇంకా ముగియలేదు.

పెంచేవారికి ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. హెడ్జ్‌హాగ్ వేలిని నాకి, వెంటనే కొరికితే అది కోపంతో చేసినది కాకపోవచ్చు. చేతికి అంటిన సబ్బు వాసనో, కూర వాసనో కారణం కావచ్చు. ఎత్తుకునే ముందు వాసనలేని సబ్బుతో చేతులు కడుక్కుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. ఎత్తుకున్న తర్వాత కడుక్కోవడం మరీ ముఖ్యం. పైకి ఆరోగ్యంగా కనిపించే హెడ్జ్‌హాగ్ నుంచి కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా మనుషులకు సోకుతుంది. చిన్నపిల్లలున్న ఇళ్లలో నురుగు పూసుకున్న ముళ్లను తాకనివ్వకపోవడం మంచిది.

ఇనుప ఊచలు కొరికితే

రాత్రంతా పంజరం ఊచలను కొరకడం వేరే సంగతి. ఇందులో నురుగు ఉండదు, ముళ్లకు పూసుకోవడం ఉండదు. ఒకే చోట అదే పనిగా కొరుకుతుంది. ఐరోపా హెడ్జ్‌హాగ్ ఒక్క రాత్రిలో కిలోమీటరుకు పైగా తిరుగుతుంది. ఇలా తిరిగే జాతికి చెందిన జీవిని చిన్న పెట్టెలో బంధిస్తే బయటపడే దారిని నోటితో వెతుకుతుంది. ముందుపళ్లు విరుగుతాయి, చిగుళ్లు చితుకుతాయి. ఊచలకున్న రంగు పెచ్చులూ, జింకు పూతా కడుపులోకి పోతాయి. విశాలమైన, నునుపు గోడల పెట్టె, కాలు సందులో ఇరుక్కోని గట్టి పళ్లెం వంటి చక్రం, తిండిని గిన్నెలో కాక అక్కడక్కడా దాచిపెట్టడం — ఇవి ఊచలపై మందు రాయడంకన్నా బాగా పనిచేస్తాయి.

నమలడం మానేసిన రోజు

అసలు భయపడవలసినది ఇక్కడ. ఆఫ్రికా హెడ్జ్‌హాగ్‌లలో చిగుళ్ల వ్యాధులు, నోటి క్యాన్సర్ తరచుగా కనిపిస్తాయి. మూడేళ్లు దాటిన వాటిలో ముప్పు ఎక్కువ. దాని ఆయుష్షే సుమారు నాలుగు నుంచి ఆరేళ్లు. తిండి దగ్గరికి ఆత్రంగా వచ్చి నోట పెట్టుకుని వదిలేయడం, ఒకే వైపు నమలడం, మెత్తని పురుగులే ఏరుకుని తినడం, ముందుకాలితో మూతిని గీరుకోవడం, నోటి నుంచి రక్తం లేదా దుర్వాసన, ఒక దవడ వాపు — వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు. వేటాడే జంతువులకు చిక్కే ప్రాణి కాబట్టి అది నొప్పిని దాచుకుంటుంది. బయటపడేసరికి వ్యాధి ముదిరి ఉంటుంది.

భిలాయ్ వాతావరణం దీనికి మరో మెలిక పెడుతుంది. ఈ జీవికి సుమారు 24 నుంచి 30 డిగ్రీల వేడి హాయి. అక్కడ మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. అప్పుడది కాళ్లు చాపి నేలకు కరచుకుని పడుకుంటుంది, తిండి ముట్టదు. జనవరి రాత్రుల చలి ఇంకా మోసకారి. గది చల్లబడితే శీతల నిద్రలోకి జారుకోవాలని దాని శరీరం ప్రయత్నిస్తుంది. కానీ ఆఫ్రికా సవన్నా గడ్డిభూములకు చెందిన ఈ పెంపుడు జాతి దాన్ని తట్టుకోలేదు. పొట్ట చల్లగా తగిలి, నడక తూలుతూ, ఇష్టమైన పురుగును నోటికందించినా నమలకపోతే అది బద్ధకం కాదు. మెత్తని గుడ్డలో చుట్టి ఒంటి వెచ్చదనంతో నెమ్మదిగా వేడి ఎక్కించి వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. వేడినీళ్లలో ముంచడం ప్రాణాంతకం.

వైద్యునికి కూడా ఇది సులువైన రోగి కాదు. తాకగానే బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి మత్తు ఇవ్వకుండా నోరు పరీక్షించడం దాదాపు అసాధ్యం. కుక్కలకు, ఆవులకు అలవాటుపడిన వైద్యుని దగ్గరికి వెళ్లేముందు చిన్న జంతువులకు మత్తు ఇచ్చే సదుపాయం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. భిలాయ్ పక్కనే, దుర్గ్ దగ్గరి అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది. విచారణ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇదంతా పెంపకంలో పుట్టిన ఆఫ్రికా జాతి గురించి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మెట్ట పొలాల్లో, ముళ్లపొదల మధ్య బతికే మద్రాసు హెడ్జ్‌హాగ్ సంగతి వేరు. 1851లో శాస్త్రలోకానికి పరిచయమైన ఆ ప్రాణి మన వన్యసంపద. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు చేను గట్టున కనిపిస్తే, పిల్లల ముచ్చట కోసం సంచిలో వేసుకుని తేవలసినది కాదు.

ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం వారానికోసారి వంటింటి త్రాసులో తూచి, బరువును క్యాలెండర్ మీద రాసుకోవాలి. తినే తీరు మారినట్టనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోవాలి. ఆసుపత్రి బల్ల మీద బంతిలా ముడుచుకున్న జీవి ఎలా నములుతోందో వైద్యుడు చూడగలిగేది ఆ వీడియోలోనే.