చూడని సరుకుకు బయానా వద్దు

(సంఘ కార్యదర్శులు దీనిని పాల సేకరణ వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా మనవి.)

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో బేరం ఎట్లా సాగుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. కురిడీ కాయను చెవి దగ్గర ఊపి చప్పుడు వినకుండా వ్యాపారి ధర కట్టడు. గేదెను కొనే రైతు రెండు పూటలా పాలు పిండించి చూడకుండా సొమ్ము లెక్కపెట్టడు. సరుకు కళ్లెదుట ఉండాలి, మనిషి ఎవరో తెలియాలి, డబ్బు చేతులు మారేటప్పుడు పక్కన నలుగురు ఉండాలి. ఈ మూడు కట్టుబాట్లే తరతరాలుగా మన రైతును కాపాడుతున్నాయి.

ఇప్పుడు వాడిన వస్తువుల బేరం సెల్‌ఫోనులోకి వచ్చింది. పాత పాల క్యాన్లు, గడ్డి కోసే చాఫ్‌కట్టర్లు, మోటారు సైకిళ్లు, చివరకు గేదెలు కూడా ఫొటో పెట్టి అమ్ముతున్నారు. ఇందువల్ల మేలు లేకపోలేదు. మూలబడిన యంత్రానికి పది రూపాయలు వస్తాయి, కొత్తది కొనలేని వారికి పని జరుగుతుంది. అయితే పైన చెప్పిన మూడు కట్టుబాట్లూ అక్కడ లేవు. మోసగాడు చొరబడేది ఆ సందులోనే.

అమ్మేవారికి జరిగే మోసం

ఒక సభ్యుడు తన చాఫ్‌కట్టరును ఎనిమిది వేలకు అమ్మజూపాడనుకుందాము. గంట తిరగక ముందే ఫోను వస్తుంది. అవతలి మనిషి తాను సైన్యంలో పని చేస్తున్నానంటాడు, గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపుతాడు. బేరమాడడు, యంత్రం ఎట్లా ఉందని అడగడు. “డబ్బు ఇప్పుడే వేస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడుతుంది” అంటాడు. పిన్ కొట్టిన మరుక్షణం ఎనిమిది వేలు రావు సరికదా, ఎనిమిది వేలు పోతాయి. “పొరపాటు జరిగింది, మళ్లీ కొట్టండి, రెండూ కలిపి తిరిగి వస్తాయి” అని మరోసారి లాగుతాడు.

ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఒక్కటే. యూపీఐలో పిన్ అనేది మన పెట్టె తాళంచెవి వంటిది. మన డబ్బు బయటకు పోవడానికి అది కావాలి. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, స్కాన్ చేయడం అక్కరలేదు. డబ్బు ఇస్తానంటూ పిన్ కొట్టమన్నవాడు మోసగాడే.

వ్యక్తులు ఒకరినొకరు డబ్బు కోరుతూ యూపీఐలో పంపే అభ్యర్థనలను జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేయించింది. ఒక దారి మూసుకున్నది గాని, క్యూఆర్ కోడ్ దారి ఇంకా ఉన్నది.

మరొక ఎత్తుగడ: “ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వేయండి” అంటారు. డబ్బు పడినట్లు దొంగ సందేశం కూడా పంపుతారు. సందేశాన్ని నమ్మవద్దు. మీ ఖాతాలో నిల్వ చూసుకున్న తరువాతే వస్తువును కదలనివ్వండి.

ఇది ఒకరిద్దరి పని కాదు. 2023 ఏప్రిల్‌లో హర్యానా పోలీసులు ఇటువంటి ముఠాల కోసం నూహ్ జిల్లాలో 14 గ్రామాలను ఒకేసారి సోదా చేయవలసి వచ్చింది.

కొనేవారు చూసుకోవలసినవి

చౌక ధరకు ముర్రా గేదె అనో, సగం ధరకు మోటారు సైకిల్ అనో చూపి, ముందుగా రవాణా ఖర్చు పంపమంటారు. పంపితే దారిలో గేటు రుసుము అంటారు, ఆ తరువాత పన్ను అంటారు. సరుకు మాత్రం రాదు. చూడని సరుకుకు రూపాయి బయానా కూడా ఇవ్వరాదు. చూడడానికి ఒక్కరే వెళ్లవద్దు. పగటి వేళ, నలుగురు తిరిగే చోట, తోడుతో వెళ్లండి.

1. పాల క్యాన్లు: లోపల గుంటలు, అతుకులు ఉంటే కడిగినా మురికి నిలిచి పాలు విరుగుతాయి. నీరు నింపి కారుతున్నదేమో చూడాలి.

2. వెన్న శాతం చూసే యంత్రం: ఒకే పాల నమూనాను ఆ యంత్రంలోను, గర్బర్ పద్ధతిలోను పరీక్షించి రెండు ఫలితాలు పోల్చాలి. తేడా చూపే యంత్రం చౌకగా వచ్చినా, ప్రతి పూటా సభ్యునికో సంఘానికో నష్టమే.

3. కాటా: తూనికలు కొలతల శాఖ ముద్ర చెల్లుబాటులో ఉండాలి. సంఘంలో అమర్చిన తరువాత మళ్లీ తనిఖీ చేయించుకోవాలి.

4. మోటారు సైకిల్: ఆర్‌సీలోని పేరు, ఇంజను, ఛాసిస్ నంబర్లు సరిచూడాలి. 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు కాకుండా సొమ్ము ఇవ్వరాదు. అమ్మేవారు కూడా పేరు మార్పిడి జరిగేదాకా వదలిపెట్టరాదు. రికార్డులో పేరున్నవారినే చట్టం యజమానిగా చూస్తుంది.

5. సెల్‌ఫోను: స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. అది దొంగిలించినదై నిలిపివేయబడినదేమో కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో చూసుకోవచ్చు.

సంఘం ఆస్తిని అమ్మినా, పాత వస్తువును కొన్నా, పాలకవర్గ తీర్మానం, రసీదు, స్టాకు రిజిస్టరులో నమోదు తప్పనిసరి. సంఘం డబ్బు కార్యదర్శి సొంత ఫోను ద్వారా నడవరాదు.

మోసం జరిగితే

సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది దేశమంతటికీ ఒకే నంబరు. మోసగాళ్లు డబ్బును నిమిషాలలో ఖాతా నుంచి ఖాతాకు తిప్పుతారు; అది చివరి ఖాతా దాటేలోపు ఫిర్యాదు అందితే నిలిపివేయించే అవకాశం ఉంటుంది. లావాదేవీ నంబరు, అవతలి ఫోను నంబరు, సందేశాలు చెరిపివేయకుండా ఉంచండి. తరువాత దగ్గరి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి.

బ్యాంకుకు కూడా అప్పుడే తెలపాలి. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, ఖాతాదారుని అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం బ్యాంకుకు తెలిపేదాకా అతనిదే. తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుది. కనుక ఆలస్యమైన ప్రతి గడియా మనకే బరువు.

తెల్లవారుజామున లేచి, వర్షంలోను ఎండలోను గడ్డి మోసి సంపాదించిన పాల బిల్లు అది. ఒక్క పిన్‌తో పోరాదు. ప్రతి సంఘం గోడ మీద, వెన్న శాతం పట్టిక పక్కనే, 1930 అని పెద్ద అంకెలతో వ్రాయించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము. ఫోను వాడకం కొత్తగా నేర్చుకుంటున్న పెద్దలకు, ఇంటి ఆడపడుచులకు ఈ సంగతులు ముందుగా చెప్పండి. పిన్ కొట్టమని ఎవరైనా తొందరపెడితే, ఫోను పక్కన పెట్టి సంఘానికి వచ్చి అడగమని చెప్పండి. నిజంగా కొనేవాడు పూట ఆగుతాడు. ఆగలేనివాడితో మనకు బేరం లేదు.