కాలయాత్రికుని సహచరి

కాలములో ప్రయాణము చేయుట పాశ్చాత్యుల కల్పన యని మనలో పెక్కుమంది తలచుచుందురు. భాగవత నవమస్కంధము ఎరిగినవారికి అది క్రొత్తమాట కాదు. రైవతుడను రాజు తన కుమార్తె రేవతిని వెంటబెట్టుకొని, ఆమెకు తగిన వరుడెవ్వడో అడుగుటకై బ్రహ్మలోకమునకు పోయెను. అచ్చట గానము జరుగుచుండగా ఒక్క క్షణము ఆగెను. పాట ముగిసిన పిదప తన మనసులోని రాజకుమారుల పేర్లు విన్నవింపగా బ్రహ్మ నవ్వి, వారు మాత్రమే కాదు, వారి మనుమలును మునిమనుమలును గతించిరని, భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచిపోయెనని చెప్పెను. తండ్రియు కూతురును తిరిగివచ్చిరి. రేవతి బలరాముని పెండ్లాడెను.

ఈ కథ తలచినప్పుడెల్ల మాకు రైవతునిపై కంటె రేవతిపై మనసు పోవుచుండును. ప్రయాణము తలపెట్టినవాడు తండ్రి, ఆగినవాడు తండ్రి, బ్రహ్మతో మాటలాడినవాడును తండ్రియే. చెలికత్తెలను, పుట్టిపెరిగిన ఇంటిని, తెలిసిన లోకమునంతను కోల్పోయినది మాత్రము వెంటవచ్చిన పిల్ల. ఆమె ఏమనుకొన్నదో పురాణము చెప్పదు.

ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్స్ 1895లో వెలువరించిన కాలయంత్రపు నవలలోను ఇదే స్థితి. అందలి యాత్రికుడు 802701వ సంవత్సరమునకు పోయి, నీటిలో కొట్టుకొనిపోవుచున్న వీనా యను చిన్నదానిని కాపాడును. ఆమె అతనిని విడువక వెంట తిరుగును. ఒక రాత్రి అడవిలో మంటల నడుమ అతనికి దూరమైపోవును. యాత్రికుని జేబులో ఆమె ఉంచిన రెండు తెల్లని పూలు మాత్రము వెనుకకు వచ్చును. ఆమె భాష అతనికి సరిగా తెలియదు గనుక ఆమె మాటలును మనకు తెలియవు.

సహచరికి నోరు వచ్చినది తరువాతి కాలమున. 1963 నవంబరు 23వ తేదీ సాయంకాలము బి. బి. సి. టెలివిజనులో ‘డాక్టర్ హూ’ అను ధారావాహిక ఆరంభమయ్యెను. తొలికథకు దర్శకుడు లక్నోలో జన్మించిన వారిస్ హుస్సేన్ అనుట మనము గుర్తుంచుకొనదగిన సంగతి. డాక్టరు అని మాత్రమే పిలువబడు ఒక వింత వృద్ధుడు, లండను వీధులలోని పోలీసువారి నీలిరంగు టెలిఫోను పెట్టెవలె కనబడు యంత్రములో దేశకాలములందు సంచరించుచుండును. వెలుపల చూడ చిన్నపెట్టె, లోపల విశాలమైన మందిరము. వెంట అతని మనుమరాలు సూసన్ ఉండును. ఆ పిల్ల చదువు బడిలోని ఉపాధ్యాయులిద్దరు ఆమె సంగతి కనుగొనబోయి తామును యంత్రములో చిక్కుకొందురు. 1964లో సూసన్ ఒక యువకుని వలచును గాని తాతను విడువలేక తటపటాయించును. అప్పుడు డాక్టరే తలుపు మూసి, ఆమెను ఆ యువకునికడ విడిచి పోవును. ఆ చోటు ఖాళీగా ఉండలేదు. ఒకరి వెనుక ఒకరుగా సహచరులు వచ్చిరి. వారిలో ఎక్కువమంది యువతులే.

వీరందరిలో మేము ఇచ్చట ప్రస్తావింపదలచినది టెలివిజనులో ఎన్నడును కనబడని యొక పిల్లను. టెలివిజను ధారావాహిక 1989లో నిలిచిపోయెను; 1996లో పాల్ మక్‌గాన్ డాక్టరుగా ఒక చిత్రము మాత్రము వచ్చెను; మరల 2005లో గాని అది కొనసాగలేదు. ఆ నడిమి కాలమున, 1999 మొదలుకొని, బిగ్ ఫినిష్ అను సంస్థవారు పూర్వపు నటులతోనే శ్రవ్యనాటికలు రికార్డు చేసి విక్రయింపసాగిరి. 2001 జనవరిలో మక్‌గాన్ డాక్టరుగా అలన్ బార్న్స్ రచించిన ‘స్టార్మ్ వార్నింగ్’ వెలువడెను. ఛార్లట్ పొలార్డ్, ముద్దుపేరు ఛార్లీ, అందు ప్రవేశించెను. ఆ పాత్రధారిణి పేరు ఇండియా ఫిషర్. 2005లో ఈ నాటికలను బి. బి. సి. వారి డిజిటల్ రేడియో కేంద్రము ప్రసారము చేసెను.

శ్రవ్యనాటికకు సహచరి ఎంత అవసరమో మా వృత్తిలోనివారికి వేరుగా చెప్పనక్కరలేదు. రంగస్థలముపై తలుపు తెరచుకొన్నచో ప్రేక్షకుడు చూచును. రేడియోలో తలుపు చప్పుడు వినబడును గాని, అది ఏ తలుపో, తెరచినవాడెవడో, లోపల ఏమున్నదో చప్పుడు చెప్పజాలదు. పాత్ర తనలో తాను ‘ఆహా, ఇచ్చట నేలపై ఏదో పడియున్నదే’ అని పలికినచో శ్రోత నవ్వును. తెలిసినవాడొకడు, తెలియక అడుగువాడొకడు ఉన్నప్పుడే మాట సహజమగును. మన బుర్రకథకులు ఈ రహస్యమును ఏనాడో గ్రహించిరి. ప్రధాన కథకుని ఇరుప్రక్కల వంతలున్నది తందాన పలుకుటకు మాత్రమే కాదు. సభలోని మన పక్షమున ‘అదెట్లు జరిగెను?’ అని అడుగుటకు కూడ. ‘స్టార్మ్ వార్నింగ్’ తొలిభాగమున డాక్టరు ఒంటరివాడు. పాపము, చాలసేపు తనతో తానే మాటలాడుకొనవలసి వచ్చినది. ఆ భాగము విన్నవారికి వంత లేని కథకుని అవస్థ తెలియును. ఛార్లీ ఎదురైన పిమ్మట నాటిక ఊపిరి పీల్చుకొనును.

అయితే ప్రశ్నలడుగుట యొక్కటే ఆమె పని యైనచో ఇంత వ్రాయనక్కరలేదు. ఈ కథ జరుగు చోటు ఎట్టిదో ముందు చెప్పవలెను.

ఆర్. 101 అనునది బ్రిటిషు ప్రభుత్వము కార్డింగ్టన్‌లో నిర్మించిన వాయునౌక. చివరి మార్పుల తరువాత దాని పొడవు 777 అడుగులు. ఎద్దు ప్రేవుల పొరలతో చేసిన పెద్ద పెద్ద సంచులలో ఉదజని నింపి దానిని తేల్చిరి. అయిదు డీజిలు ఇంజనులు నడుపును. నిప్పురవ్వ తగిలినచో భగ్గుమను వాయువు నడుమనే పొగత్రాగుటకు ఒక గదిని కూడ ఏర్పాటు చేసి, దానికి ఆస్బెస్టాసు తాపడము చేసిరి. ఈ నౌక తొలి దూరప్రయాణము మన దేశమునకే. ఈజిప్టులో ఆగి కరాచీ చేరవలెను. ఆనాడు భారతదేశములోని రేవుపట్టణమైన కరాచీలో దానికొరకు ఒక కట్టుస్తంభమును, బ్రహ్మాండమైన కొట్టమును సిద్ధము చేసిరి. విమానశాఖామాత్యుడు లార్డ్ థాంసన్ నాసికలో జన్మించినవాడు. తాను స్వయముగా భారతదేశమునకు పోయి, అక్టోబరులో లండనులో జరుగు సామ్రాజ్య సమావేశమునకు తిరిగి రావలెనని ఆయన సంకల్పము. ఆ తొందరలో పరీక్షలు కుదించిరి. మార్పుల తరువాత జరిగిన ఒకే ఒక పరీక్షాయానములో పూర్తివేగమున నడిపి చూచుటకు వీలుపడలేదు.

1930 అక్టోబరు 4వ తేదీ సాయంకాలము గాలివానలో నౌక బయలుదేరెను. రేడియో పనివారమైన మాకు మరపురానిది ఆ రాత్రి నౌకనుండి వచ్చిన వార్త. ప్రయాణికులు చక్కగా భోజనము చేసిరనియు, చుట్టలు కాల్చుకొని, ఫ్రాన్సు తీరము కనబడిన పిదప నిద్రకు పోయిరనియు అర్ధరాత్రి వేళ నిస్తంత్రి ద్వారా తెలిపిరి. రెండు గంటలు గడచినంతనే, ఫ్రాన్సులోని బోవే పట్టణమునకు చేరువలో నౌక ముక్కు క్రిందికి వంగి, ఒక గుట్టవాలును తాకెను. తాకుడు పెద్దది కాదు, చంపినది మంట. నౌకలోని 54 మందిలో 48 మంది మరణించిరి. లార్డ్ థాంసన్ వారిలో ఒకడు. విచారణ జరిపిన న్యాయస్థానమునకు అధ్యక్షుడు సర్ జాన్ సైమన్. 1928లో మన దేశమునకు వచ్చిన కమిషనుకు పేరిచ్చిన సైమనే ఈయన; ఆ కమిషనును బహిష్కరించు సందర్భముననే మదరాసులో ప్రకాశము పంతులుగారు పోలీసు తుపాకులకు రొమ్ము చూపిరి. ఈ ప్రమాదముతో బ్రిటనులో వాయునౌకల నిర్మాణము ఆగిపోయెను.

ఆ యేబదినలుగురిలో ఒక్క స్త్రీయు లేదు. నాటకకర్త కల్పన ఇచ్చటనే ప్రవేశించును. పదునెనిమిదేండ్ల ఛార్లీ ఇల్లు విడిచి, లోకము చూడవలెనను కోరికతో నౌకాసేవకుని దుస్తులు ధరించి, ఎవరికిని తెలియకుండ ఆర్. 101 ఎక్కును. తానొక ఎడ్వర్డు కాలపు సాహసిక యని ఆమె చెప్పుకొనును. ఎడ్వర్డు రాజు 1910లోనే పోయెను. ఆమె అప్పటికింకను పుట్టలేదు! పిల్లల గొప్పలు అట్లే యుండును. నాటికలో అమాత్యుని పేరును లార్డ్ టామ్‌వర్త్ అని మార్చిరి. నిజముగా చనిపోయినవాని నోట కల్పితపు మాటలు పెట్టకుండుట మర్యాదయే. అన్యగ్రహవాసుల నౌకను ఆకాశములో కలిసికొనుటయే ఈ ప్రయాణపు గూఢోద్దేశమని కథ నడచును. ఆ భాగము వినోదమునకు చాలును. అంతకు మించి మేము దానికి విలువ కట్టము.

విలువ వేరొకచోట నున్నది. నౌక కూలునని డాక్టరుకు తెలియును, శ్రోతకును తెలియును, ఛార్లీకి తెలియదు. ఆమె సింగపూరు పోవు ముచ్చట చెప్పుచున్నంతసేపు మనము గడియారము వైపు చూచుచుందుము. జరిగిన చరిత్రను మార్చరాదనుట కాలయాత్రికుల ధర్మము. ఆ రాత్రి నౌకలో మరణించినవారిలో ఛార్లీయు ఒకతె అగుట చరిత్ర. డాక్టరు ఆమెను వెంటబెట్టుకొని బయటపడును. నలువదియెనిమిది మందిని మంటలకు వదలి ఒక్కరిని తెచ్చుట న్యాయమా? అందరిని వదలుట ధర్మమైనచో ఆ ఒక్కరిని తెచ్చుట తప్పు. ఆ ఒక్కరిని తెచ్చుట ఒప్పైనచో తక్కినవారిని వదలుట తప్పు. నాటిక సమాధానము చెప్పదు. ముఖము ఎరిగిన మనిషిని, పేరు తెలిసిన మనిషిని, మంటలో వదలి నడచిపోలేకపోవుట మాత్రము చూపును. రైలు ప్రమాదములో, వరదలో, చేతికందిన వానిని పైకి లాగినవాడెవడును లెక్కలు కట్టి లాగడు.

కాని ఋణము తీరవలెను గదా. తరువాతి కథలు ఆ ఋణమును వసూలు చేయుట యందే నడచినవి. 2002లో రాబర్ట్ షియర్‌మన్ రచించిన ‘ది చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’ మాకు అన్నిటికంటె నచ్చినది. 1906లో క్రిస్మసు ముందటి రాత్రి ఒక సంపన్నుల ఇంటిలో, పనివారి వంటశాలలో, గంట కొట్టినప్పుడెల్ల ఒక మరణము. మరల గడియారము వెనుకకు తిరుగును, చనిపోయినవారు లేచి పని చేసికొందురు, మరల గంట. చూడవలసినదేదియు లేదు, వినవలసినది మాత్రమే ఉన్నది గనుక ఇది రేడియోకే పుట్టిన కథ. ఆ వంటశాలలో అంట్లు తోము ఎడిత్ అను పిల్లను ఎవ్వరును మనిషిగా ఎంచరు. ఎడిత్ తరువాతి కాలమున ఛార్లీ ఇంటిలో వంటమనిషి యగును. ఆమెను ఆదరించినది చిన్ననాటి ఛార్లీ యొక్కతెయే. ఛార్లీ వాయునౌకలో చనిపోయినదని విని ఆమె దుఃఖము పట్టలేక ప్రాణము తీసికొనెను. ఛార్లీ చనిపోలేదు గనుక ఆ దుఃఖమునకు కారణము లేదు; దుఃఖము మాత్రము ఉన్నది. ఆ యిల్లు ఈ ముడిలో చిక్కుకొని తిరుగుచున్నది. బ్రతికివచ్చిన ఛార్లీ ఎదుట నిలిచి, బ్రతుకుమని ఎడిత్‌ను వేడుకొనవలసి వచ్చును. ప్రశ్నలడుగుటకు వచ్చిన పిల్ల సమాధానము చెప్పవలసిన ఘట్టమిది.

అదే సంవత్సరము వచ్చిన ‘నెవర్‌లాండ్’లో డాక్టరు జాతివారు అతనిని నిలదీయుదురు. ఆమె బ్రతికియుండుట వలన కాలమునకు పడిన చిల్లు విశ్వమునకే ముప్పగును. డాక్టరు ఆమెను వదలడు. ఆ ముప్పును తనలోనికి గ్రహించి తాను చెడును. ఈ కథ వేగములోను ఆర్భాటములోను కొంత తేలిపోయినదని మా అభిప్రాయము. చిన్న వంటశాల చెప్పగలిగినంత విశ్వమంతయు చెప్పలేకపోయినది.

2007 చివర ఛార్లీ డాక్టరునుండి వేరుపడును. ఆపదలో ఉండి పిలువగా అదే నీలిరంగు పెట్టె వచ్చును. తలుపు తెరచినవాడు డాక్టరే. కాని అతడు దేహములు మార్చుకొను జాతివాడు గనుక, ఇది ఆమెను ఇంకను ఎరుగని పూర్వపు రూపము. ఈ పాత్రను కాలిన్ బేకర్ ధరించెను. అతని భవిష్యత్తు ఆమెకు తెలియును; చెప్పినచో అది చెడును. పేరు, ఊరు, తనను బ్రతికించినదెవరను మాట, అన్నియు దాచుకొని, ఆమె తన మిత్రునితోనే అపరిచితురాలివలె తిరుగవలసి వచ్చినది. పూర్వము తెలిసి చెప్పనివాడు అతడు, తెలియక అడుగునది ఆమె. ఇప్పుడు అతడే అడుగుచుండును, ఆమె తప్పించుకొనుచుండును. వినువారికి ఆమె గొంతులోని తడబాటు చాలును. 2009లో ఈ కథ ముగియునప్పటికి, భవిష్యత్తు చెడకుండుటకై డాక్టరు జ్ఞాపకమునుండి ఆమెను తొలగించి, ఆ తావున మరియొక యువతిని నిలుపుదురు. తనను మరచిపోవుటకు ఆమెయే సమ్మతించును. 2014లో ఆమె సాహసములు ఆమె పేరుతోనే వేరొక శ్రవ్యధారావాహికగా మొదలయ్యెను. దానియందు డాక్టరు పాత్ర లేదు.