ఒలికిపోయిన నీళ్ళతిత్తి

నిజాంసాగరు కాలువక్రింద సేద్యము చేయు మన బోధను కాపులకు నీటివిలువ నొకరు బోధింప నక్కఱలేదు. తడి రెండుదినము లాలస్యమైనచో చెఱకుతోట యెట్లు వాడునో వారు కన్నులార చూచినదే. అందుచే నీ నెల ఎరువులు, విత్తనముల సంగతి కొంత ప్రక్కకుబెట్టి, తిత్తెడు నీరు పోగొట్టుకొని చీనాదేశపు టెడారిలో చిక్కిన యొక బాటసారి వృత్తాంతము వ్రాయుచున్నాము. ఆతడు మనకు బొత్తిగా పరాయివాడు కాడు. పిదప నాంధ్రదేశమునకు వచ్చి కొన్ని నెలలు వసించినవాడు.

హ్యూన్‌త్సాంగు బౌద్ధభిక్షువు. ధర్మగ్రంథములను వాని పుట్టినచోటనే చదువవలయునని నిశ్చయించి రాజధానియగు చాంగాన్ విడిచెను. అది 627 అని కొందఱు, 629 అని కొందఱు చెప్పుదురు. ప్రజలు దేశపు పొలిమేర దాటరాదని యప్పుడు చక్రవర్తి శాసనము. అతనిని పట్టుకొనుడని తాఖీదు కూడ వచ్చెను. గ్వాజౌ పట్టణపు టధికారి యొకడు భక్తుడగుటచే ఆ తాఖీదును అతని యెదుటనే చించివైచి, త్వరగా పొమ్మనెను.

అచ్చట జరిగిన గుఱ్ఱపు మార్పిడి మనవారు వినదగినది. ఎడారి దాటి హామీ నగరమునకు 15 మాఱులు పోయివచ్చిన ముసలి యెఱ్ఱగుఱ్ఱ మొకటి యొక వృద్ధునియొద్ద నుండెను. అది బక్కచిక్కినది. భిక్షువు తాను కొన్న గుఱ్ఱమునిచ్చి దానిని పుచ్చుకొనెను. సంతలో మన మట్టి బేరము చేసినచో ఇరుగుపొరుగువారు నవ్వకుందురా?

ముందు దారిలో నొకదానివెంట నొకటిగా 5 కావలిబురుజులు. నీరు వానియొద్దనే గలదు. మొదటి బురుజుకడ రాత్రివేళ నీరు ముంచుకొనబోగా బాణమొకటి మోకాటిప్రక్కగా దూసిపోయెను. తాను భిక్షువునని కేకవేయగా కావలివారు లోనికి గొనిపోయిరి. వారి నాయకుడు మంచివాడై దారి చెప్పి పంపెను. నాలుగవ బురుజు నాయకుడు పెద్ద తోలుతిత్తియు గుఱ్ఱమునకు దాణాయు నిచ్చి, అయిదవ బురుజువారు కఠినులు గాన అటు పోవలదనియు, 100 లీల దూరమున, అనగా ఇంచుమించు 30 మైళ్ళలో, అడవిగుఱ్ఱముల యూట యొకటి యున్నదనియు చెప్పెను.

ఆ దినమే గండము వచ్చెను. పైని పక్షి లేదు, క్రింద మృగము లేదు, గడ్డిపోచయు లేదు. 100 లీలు నడచినను ఊట కానరాలేదు, దారి తప్పెను. త్రాగుటకై తిత్తిని దింపగా, బరువుచే చేయిజాఱి క్రిందపడెను. ఎన్నో దినములకు చాలవలసిన నీరు క్షణములో నిసుకపాలయ్యెను. మోటతోలినవారు చినిగిన తిత్తిని చూచియుందురు. కాని వారికి క్రింద బావి యుండును.

అతడు నాలుగవ బురుజుకే పోదమని వెనుకకు మఱలి 10 లీలకు పైగా నడచెను. అప్పుడు, భారతదేశము చేరకుండ తూర్పునకు ఒక్క యడుగైన వేయనని తాను చేసిన ప్రతిజ్ఞ జ్ఞప్తికి వచ్చెను. గుఱ్ఱమును వాయవ్యమునకు త్రిప్పెను. వెనుక నీరున్నదని తెలిసియు, ముందు లేదని తెలిసియు చేసిన పని యిది; సంసారులము మనము చేయజాలము.

నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు చుక్కనీరు లేదు. ఇసుకపై పడి దేవుని తలంచుచుండెను. అయిదవనాటి నడిరేయి చల్లనిగాలి వీచి కొంచెము నిద్రపట్టెను. లేచి 10 లీలు పోవునప్పటికి గుఱ్ఱము హఠాత్తుగా వేఱుదారి పట్టి, ఎంత లాగినను వినకపోయెను. కొన్ని లీల యవతల పచ్చగడ్డియు, దానిచెంత అద్దమువంటి నీటిమడుగును కనబడెను. శిష్యుడు హ్వీలీ వ్రాసిన చరిత్రలో దీనిని బోధిసత్త్వుని కరుణగా చెప్పినాడు. నీటిజాడను పశువు మనిషికన్న ముందు పసికట్టునని మన గొల్లలందురు. పదియైదు మాఱులు తిరిగిన గుఱ్ఱమన్న మాట కూడ మఱవరాదు.

అచ్చట నొకదినము విశ్రమించి, గడ్డియు నీరును కట్టుకొని, మఱి రెండుదినములకు ఎడారి దాటెను. తరువాతి కథ చాల పెద్దది. నలందలో చదివి, కోసలముమీదుగా ఆంధ్రదేశమునకు వచ్చెను. అతడు పేర్కొన్న రాజధాని వేంగియని పండితులు గుర్తించిరి. నేల సారవంతమనియు, ధాన్యము సమృద్ధియనియు వ్రాసికొన్నాడు. ధాన్యకటకమున ఇరువురు భిక్షువులకడ కొన్ని నెలలు శాస్త్రము చదివెను. 645లో 657 గ్రంథములతో స్వదేశము చేరగా, పోరాదని శాసించిన ఆ తాయ్‌త్సుంగు చక్రవర్తియే యాదరముతో నెదుర్కొనెను.

చెఱకు వేయువారికి ఇంకొక ముక్క. ఆ చక్రవర్తియే 647 ప్రాంతమున, పాకము కాచు పద్ధతి నేర్చికొనుటకై మగధకు మనుష్యులను పంపెను. 1937లో ఏర్పడి 2015లో మూతపడిన మన శక్కర్‌నగరు కర్మాగారమునకు పన్నెండువందల యేండ్లకు పైబడిన పూర్వపు మాట యిది. వారు మరలివచ్చిన పిమ్మట యాంగ్‌జౌ చెఱకును తెప్పించి, ఆ విధముగనే వండించిరట. రంగునందును రుచియందును అది పడమటిదేశపు చక్కెరను మించెనని చీనా చరిత్రకారులు వ్రాసికొనిరి. మన కాపులు దీని నొప్పుకొందురో లేదో!