కేజీఎఫ్ నుంచి కబినికి

ఏనుగును చూడ్డానికి డబ్బు కట్టాలంటే మా కోలారు జిల్లా సరిహద్దు పల్లెల్లో నవ్వుతారు. మా పుట్టిల్లు బంగారపేట తాలూకాలో, కామసముద్రం వైపు. రాగి చేలు కోతకొచ్చే వేళకు తమిళనాడు వైపు అడవుల్లోంచి ఏనుగులు దిగుతాయి. మా అన్న టార్చిలైటు, టపాకాయలు దగ్గర పెట్టుకుని మంచె మీద రాత్రంతా కూచుంటాడు. మైసూరు జిల్లాలోని కబిని అడవికి సఫారీకి వెళ్తున్నామని ఫోన్లో చెబితే, "డబ్బులెందుకు తగలేస్తావే? కార్తీకంలో మన చేలోకొచ్చి కూచో, ఊరికే చూపిస్తా" అన్నాడు.

అయినా వెళ్ళాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మామయ్య. మా ఆయన పొద్దున్నే మారికుప్పం రైలెక్కి బెంగళూరు వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే మనిషి. కేజీఎఫ్‌లో మేముండే రాబర్ట్‌సన్‌పేటలో సగం ఇళ్ళ కథ ఇదే. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతబడ్డాక ఊరు బతుకుతున్నది ఆ రైలు మీదే. ఒక్క రెండు రోజులైనా పిల్లలు తండ్రి మొహం పగటిపూట చూస్తారని బయల్దేరదీశాను. పులి ఆశ నాకు పెద్దగా లేదు.

సఫారీ లాడ్జి అంటే చాలామంది అడవిలో కట్టిన స్టార్ హోటలనుకుంటారు. గదులు కొన్నే ఉంటాయి. గదికి, భోజనానికి, అడవి తిరుగుడికి కలిపి ఒకటే లెక్క. మనిషికింత అని తీసుకుంటారు కాబట్టి ఐదుగురున్న ఇంటికి గట్టిగానే పడుతుంది, దాచడమెందుకు. మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున మరోసారి అడవిలోకి వెళ్తారు. రాత్రి ఒక వన్యప్రాణి సినిమా, మంట చుట్టూ కుర్చీలు. మర్నాడు టిఫినయ్యాక గది ఖాళీ చేయాలి. ఈ పద్ధతి తెలియక ఈతకొలను కోసం, టీవీ కోసం వెతికేవాళ్ళు చివరికి అలిగి పోతారు.

మేం దిగిన కబిని రివర్ లాడ్జి కర్ణాటక ప్రభుత్వానిది. దాన్ని నడిపే జంగిల్ లాడ్జెస్ అనే సంస్థను 1980లో పెట్టారు. నేపాల్‌లో టైగర్ టాప్స్ అనే అడవి లాడ్జి నడిపినవాళ్ళు మొదట్లో చెయ్యి కలిపారు. మైసూరు మహారాజుల వేట విడిదే లాడ్జి అయింది. పాత బంగళా ఎత్తైన పైకప్పు, వరండా చూడగానే మామయ్య, "మన మైనింగ్ దొరల బంగళా మాదిరే ఉండాదే" అన్నారు. నిజమే. గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ మేనేజర్లు మా ఊళ్ళో కట్టుకున్నవీ ఇలాంటివే. ఆ రోజుల్లో వాటి గేటు దాటే భాగ్యం మామయ్యకు లేదు. ఇక్కడ దర్జాగా వరండా కుర్చీలో కూచుని టీ తెప్పించుకున్నారు.

ఈ లాడ్జికి ప్రాణం పోసినవాడు కర్నల్ జాన్ వేక్‌ఫీల్డ్. అందరూ 'పాపా' అనేవారట. కుర్రతనంలో వేటాడి, తర్వాత తుపాకీ వదిలేసి, 2010లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నాడు. ఈ అడవి తీరూ అదే. ఇక్కడి కాకనకోటె అడవుల్లో ఏనుగుల మందలను తరిమి పట్టే ఖెడ్డాలను చూడ్డానికి రాజులు, వైస్రాయిలు వచ్చేవారు. చివరి ఖెడ్డా 1971లో జరిగింది. మరుసటి ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది.

సాయంత్రం జీపు. మలుపు దగ్గర గైడు చెయ్యెత్తగానే డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. మద్దిచెట్టు చివర ఒక కొండముచ్చు దగ్గినట్టు అరుస్తోంది. కింద చుక్కల దుప్పులు మేత మానేసి, మెడలు నిక్కించి, అన్నీ ఒకే పొద వైపు చూస్తున్నాయి. ఒక దుప్పి ముందుకాలు ఎత్తి నేలకేసి కొట్టింది. వెనక సీటులో ఎవరో "ఎక్కడ, ఎక్కడ" అంటున్నారు. మామయ్య మాత్రం కళ్ళు మూసుకుని కూచున్నారు. నిద్రపోయారేమోననుకుని భుజం తట్టాను. "ఉండమ్మా, వింటుండా" అన్నారు.

ఆయన చాంపియన్ రీఫ్ గనిలో భూమికి కిలోమీటర్ల లోతున పనిచేసిన మనిషి. అక్కడ రాతి ఒత్తిడికి బండలు ఉన్నట్టుండి పేలేవి. దాన్ని రాక్‌బర్స్ట్ అంటారు. ఒక్కోసారి పైన మా ఇళ్ళలో గిన్నెలు కదిలేవి. "లోపల కంటికేం కనపడతాది? బండ చిటపటలాడేది వినాల. విననోడు పైకి రాడు" అని చాలాసార్లు చెప్పారు. ఆ రోజు జీపులో అందరికన్నా ముందు ఆయనే కుడివైపు వేలు చూపించారు. చిరుత దారి దాటింది. తొందరేమీ లేకుండా, తోక కొస పైకి మడిచి. మావాడు ఫోన్‌లో కెమెరా తెరిచేలోగా పొదలు మూసుకున్నాయి. గైడు కన్నడంలో "ఏం పని చేసేవారు తాతా?" అని అడిగాడు. ఇద్దరికీ అక్కణ్ణుంచి దోస్తీ.

లాడ్జిలో మనం డబ్బు కట్టేది ఈ గైడు చెవులకీ, కళ్ళకీ. మెత్తటి పరుపు బెంగళూరులోనూ దొరుకుతుంది.

మర్నాడు పడవ. కబిని డ్యాము 1974లో పూర్తయింది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ ఒడ్డున పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవులు ఎండిపోయి ఉంటాయి కాబట్టి ఏనుగులు మందలు మందలుగా అక్కడికి చేరతాయి. పిల్ల ఏనుగొకటి గడ్డి పీకి, మట్టి పోయేలా కాలికేసి కొట్టాలని చూస్తోంది. తల్లి చేస్తున్నట్టు దానికి రావడం లేదు. మట్టితోనే నోట్లో పెట్టుకుంది. మా అమ్మాయి పడవలో పకపకా నవ్వింది. కామసముద్రంలో ఏనుగంటే దానికి చీకట్లో కేకలు, టపాకాయల మోత. పగటి వెలుగులో, ఎవరూ తరమని ఏనుగును అది చూడ్డం అదే మొదలు.

ఒక విషయం మా ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు. ఈ కబిని టి.నరసీపురలో కావేరిలో కలిసి, శివనసముద్రం మీదుగా దూకుతుంది. అక్కడ పుట్టిన కరెంటు 1902లో ముందుగా వచ్చింది మా గనులకే. మామయ్య పడవలోంచి వంగి నీళ్ళు చేత్తో తాకబోతే పడవవాడు మందలించాడు. మొసళ్ళున్నాయి మరి.

మా అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. లాడ్జి ఉన్నచోట కూడా పల్లెలున్నాయి, పొలాలున్నాయి. పక్కనున్న సరగూరు తాలూకాలో పులుల దాడుల్లో రైతులు చనిపోయాక, 2025 నవంబరులో ప్రభుత్వం ఇక్కడి బండీపుర, నాగరహొళె అడవుల్లో సఫారీలను నిలిపేసింది. అడవి వల్ల రాబడి ఒకరికి, నష్టం ఒకరికి అయినప్పుడు కోపం రావడంలో తప్పేముంది? పర్యాటకుల సొమ్ములో ఒక పాలు పంట నష్టపోయిన రైతుకు సకాలంలో అందితే, కామసముద్రంలోనైనా సరగూరులోనైనా ఏనుగు మీద ఇంత కసి ఉండదని నా అభిప్రాయం.

వెళ్ళదలచుకున్నవాళ్ళకు నాలుగు మాటలు. బుక్ చేసే ముందు సఫారీ నడుస్తోందా, చిన్నపిల్లలను జీపులోకి, పడవలోకి రానిస్తారా అని అడగండి. ఏనుగుల కోసమైతే మార్చి, ఏప్రిల్ మంచివి. ఎర్రటి, తెల్లటి బట్టలు, సెంటు వద్దు. పులిని చూపించమని డ్రైవర్ ప్రాణం తీయకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే తప్పకుండా వెంట తీసుకెళ్ళండి.