పెద్దమనుషుల మాట, పుస్తకంలో రాత

ఈ ఎపిసోడ్‌లో మాటల్లో పడి "బ్రిటన్‌కు అసలు రాజ్యాంగమే లేదు" అనేశాను. విన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు వెంటనే పట్టుకున్నారు. తప్పు నాదే. ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు ఈ నాలుగు ముక్కలు అందుకే రాస్తున్నా.

బ్రిటన్‌కు రాజ్యాంగం ఉంది. 1689 హక్కుల బిల్లు, 1911 పార్లమెంట్ చట్టం రాసి పెట్టినవే కదా. కాకపోతే అన్నిటినీ ఒక్క పుస్తకంగా కుట్టలేదు. మిగతాది కోర్టు తీర్పులు, ఆనవాయితీలు. అందుకే 'అలిఖితం' అనేకన్నా 'క్రోడీకరించనిది' అంటే సరిగ్గా ఉంటుంది. న్యూజిలాండ్‌ది కూడా అదే దారి. మనకు, అమెరికాకు పుస్తకం ఉంది. దాన్ని మార్చాలంటే మామూలు చట్టానికి సరిపోయే మెజారిటీ చాలదు. బ్రిటన్ పార్లమెంటుకు ఆ అడ్డం లేదు.

అయితే పుస్తకం ఉన్నచోట కూడా నోటిమాట మీద నడిచేవి బోలెడు. నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసినవాణ్ణి. డ్రాయింగ్‌లో లేనివి సైట్‌లో ఎన్ని జరుగుతాయో తెలుసు. అమెరికా రాకముందు గల్ఫ్‌లో ఒక ఇంజనీరు "స్లాబ్ అయిపోనీ, ఓవర్‌టైం డబ్బులు ఇప్పిస్తా" అన్నాడు. స్లాబ్ అయింది, డబ్బులు రాలేదు. అడగడానికి పోతే "కాగితం ఏది?" అన్నారు. నా దగ్గర ఉంటే కదా.

మన తెలుగువాళ్ళకు ఈ అనుభవం ఇంకా పెద్దగా జరిగింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర నుంచి నలుగురు, తెలంగాణ నుంచి నలుగురు నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. పేరే 'పెద్దమనుషుల ఒప్పందం'. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు పెట్టాలి. అక్కడి ఉద్యోగాలకు పన్నెండేళ్ళ నివాసం ఉండాలి. ఇట్లాంటివే ఇంకొన్ని. కాగితం మీద సంతకాలున్నాయి. కానీ అది రాజ్యాంగమూ కాదు, చట్టమూ కాదు.

నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఆ ఎనిమిది సంతకాల్లో ఆయనదీ ఒకటి. అయినా ఉపముఖ్యమంత్రిని పెట్టలేదు. ఆ పదవి చేతికి ఆరో వేలు లాంటిదని ఆయన అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజ్యాంగంలో ఉపముఖ్యమంత్రి అనే పదవే లేదు. మరి ఏ కోర్టుకు పోయి ఏమని అడుగుతారు? మాట తప్పారని కేసు వేయలేరుగా!

ఆ తర్వాత 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం. రెండు వైపులా పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని 32వ సవరణతో 371-డి అధికరణంగా రాజ్యాంగంలోకి ఎక్కించారు. అంటే నోటిమాట పుస్తకంలోకి రావడానికి పదిహేడేళ్ళు పట్టింది.

ఇది మన దగ్గరే జరిగిందని కాదు. అమెరికాలో రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఉండకపోవడం వాషింగ్టన్ మొదలుపెట్టిన ఆనవాయితీ. 1940లో రూజ్‌వెల్ట్ మూడోసారి, 1944లో నాలుగోసారి గెలిచాడు. 1951 కల్లా 22వ సవరణ వచ్చేసింది. బ్రిటన్‌లో 1909లో ప్రభువుల సభ ఆనవాయితీ తప్పి బడ్జెట్‌ను తిరగ్గొట్టింది. రెండేళ్ళలో చట్టం చేసి వాళ్ళ చేతులు కట్టేశారు. పుస్తకం లేని దేశమే అందరికన్నా తొందరగా రాసిపెట్టుకుంది, చూడండి.

రాసినంత మాత్రాన పని అయిపోతుందా అంటే, కాదు. 371-డి కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులను కూడా తప్పారు. అందుకే 1985 డిసెంబర్‌లో 610 జీవో తేవాల్సి వచ్చింది, దాని అమలు గొడవ మళ్ళీ ఏళ్ళకేళ్ళు నడిచింది. కాకపోతే ఈసారి "కాగితం ఏది?" అంటే చూపించడానికి కాగితం ఉంది.

నేనుండే నేపర్‌విల్ సంగతే తీసుకోండి. 25 వేలకు మించి జనం ఉన్న పట్టణానికి తన పనులు తానే చూసుకునే అధికారం ఉంటుందని 1970 ఇల్లినాయిస్ రాజ్యాంగంలో రాసి ఉంది. వద్దనుకుంటే ఊరి జనమే ఓటేసి వదులుకోవాలి. ఎవరో పెద్దమనిషి దయతో ఇచ్చింది కాదు.

371-డి ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. మొన్న కరీంనగర్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఉద్యోగానికి అప్లై చేయాలి, స్థానికుడని చూపడానికి ఒకటి నుంచి ఏడో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలట. బడి చుట్టూ తిరగలేక చస్తున్నానని ఒకటే విసుగు. ఆ సర్టిఫికెట్ వెనుక 1956 నుంచి నడిచిన కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అదంతా సరే మామా, ముందు ఆ హెడ్మాస్టర్ దొరకాలి కదా" అన్నాడు.