నిషేధించిన మందే... మళ్లీ వైద్యానికి!

ఒకప్పుడు డాక్టర్లే ఇచ్చిన మందు... తర్వాత జైలుకు పంపే నేరం... ఇప్పుడు మళ్లీ రోగుల ఆశ! ఎల్‌ఎస్‌డీ, పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్, ఎండీఎంఏ... ‘సైకెడెలిక్స్’ అని పిలిచే మత్తు పదార్థాల కథ ఇది. విచిత్రం ఏమిటంటే, ఈ కథలో పెద్ద మలుపులు చాలావరకు ప్రయోగశాలలో వచ్చినవి కావు, రాజకీయాలు తెచ్చినవే. మధ్యలో నలిగిపోయింది మాత్రం రోగులు!

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం. శాండోజ్ మందుల కంపెనీలో రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్. ధాన్యపు కంకులకు పట్టే ఒకరకం బూజు మీద పరిశోధన చేస్తూ 1938లో ఎల్‌ఎస్‌డీని తయారుచేశారు. దేనికీ పనికిరాదనుకుని పక్కన పెట్టేశారు. 1943 ఏప్రిల్‌లో మళ్లీ తయారుచేస్తుంటే పొరపాటున కాస్త ఒంట్లోకి చేరింది. కళ్లముందు వింత రంగులు! మూడు రోజుల తర్వాత ఈసారి కావాలనే 250 మైక్రోగ్రాములు... అంటే గ్రాములో నాలుగువేల వంతు తీసుకుని, సైకిల్ మీద ఇంటికి బయల్దేరారు. దారంతా లోకం కరిగి వంకర్లు పోతున్నట్టే అనిపించిందట ఆయనకు.

శాండోజ్ దాన్ని ‘డెలిసిడ్’ పేరుతో మానసిక వైద్యులకు సరఫరా చేసింది. కెనడాలో హంఫ్రీ ఆస్మండ్ అనే వైద్యుడు తాగుడు మాన్పించడానికి వాడి చూశారు. ‘సైకెడెలిక్’ అన్న మాటను పుట్టించిందీ ఆయనే. మనసును బయటపెట్టేది అని దానర్థం. అప్పటికి అది నేరం కాదు, పరిశోధన మాత్రమే.

శత్రువుగా మారిన వేళ

1960ల్లో అమెరికా అట్టుడికిపోయింది. ఒకపక్క వియత్నాం యుద్ధం, మరోపక్క దానికి వ్యతిరేకంగా వీధుల్లోకొచ్చిన యువత. ఎల్‌ఎస్‌డీ ఆస్పత్రి గడప దాటి హిప్పీల చేతుల్లోకి చేరింది. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే తిమోతీ లియరీ దానికి ప్రచారకర్తగా మారారు. విశ్వవిద్యాలయం 1963లో ఆయన్ని సాగనంపింది. మరో చోద్యం... బయట ఇంత గొడవ జరుగుతుంటే అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అదే ఎల్‌ఎస్‌డీని తెలియని మనుషుల మీద రహస్యంగా ప్రయోగించింది!

1970లో అధ్యక్షుడు నిక్సన్ మత్తుపదార్థాల నియంత్రణ చట్టం మీద సంతకం చేశారు. ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్ షెడ్యూల్-1లోకి వెళ్లాయి. అంటే... వైద్యానికి పనికిరానివి, దుర్వినియోగానికి ఎక్కువ అవకాశం ఉన్నవి అని ముద్ర. 1971లో మత్తుపదార్థాల వాడకమే దేశానికి తొలి శత్రువన్నారు నిక్సన్. అదే ఏడాది ఐక్యరాజ్య సమితి ఒప్పందంతో ఆ ముద్ర ప్రపంచమంతా పాకింది. 1985లో ఎండీఎంఏకీ అదే గతి. మరీ అంత కఠినమైన జాబితా అక్కర్లేదని విచారణ జరిపిన న్యాయమూర్తే సిఫార్సు చేసినా ప్రభుత్వం వినలేదు.

అలాగని అవి ప్రమాదం లేనివని కాదు. కానీ ప్రమాదమెంత, ప్రయోజనమెంత అని తేల్చాల్సిన పరిశోధన కూడా నిషేధంతోపాటే దాదాపుగా ఆగిపోయింది.

మళ్లీ తెరుచుకున్న తలుపు

2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మంది ఆరోగ్యవంతులకు సైలోసైబిన్ ఇచ్చి ఫలితాలు ప్రచురించింది. జీవితంలో మరిచిపోలేని అయిదు అనుభవాల్లో అదొకటని మూడింట రెండొంతుల మంది చెప్పారు. 2016లో అదే విశ్వవిద్యాలయంలో, ప్రాణాంతక క్యాన్సర్‌తో కుంగిపోయిన 51 మంది మీద ప్రయోగం. ఆర్నెల్ల తర్వాత చూసినా సుమారు 80 శాతం మందిలో ఆందోళన, కుంగుబాటు బాగా తగ్గే ఉన్నాయి.

ఎలా పనిచేస్తుందిది? మెదడులో సెరటోనిన్ రసాయనం వెళ్లి అతుక్కునే చోట్లలో ఒకదానికి సైలోసైబిన్ కూడా అతుక్కుంటుంది. కుంగుబాటులో ఉన్న మనసు గాడిలో దిగబడ్డ బండిచక్రం లాంటిది... తిరిగిన చోటే తిరుగుతుంది. ఈ మందు కాసేపు ఆ గాడిని చెరిపి, కొత్త దారి పట్టే వీలు కల్పిస్తుందని శాస్త్రవేత్తల అంచనా.

యుద్ధంలోనో అత్యాచారంలోనో తగిలిన మానసిక గాయం ఏళ్ల తరబడి పీడకలలై వేధించే జబ్బు పీటీఎస్‌డీ. దీనికి ఎండీఎంఏతోపాటు కౌన్సెలింగ్ ఇచ్చి చూశారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం 90 మందితో చేసిన ప్రయోగంలో మందు తీసుకున్నవారిలో 67 శాతం మందికి జబ్బు లక్షణాలు నిర్ధారణ స్థాయి కన్నా తగ్గాయి. ఉత్తుత్తి మాత్రతో కౌన్సెలింగ్ పొందినవారిలో అది 32 శాతమే.

బ్రేకు పడింది ఎందుకు?

అంతా బాగుందనుకునేలోపు 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎండీఎంఏ చికిత్సకు అనుమతి నిరాకరించింది. మరో పెద్ద ప్రయోగం చేయమంది. అంతకు రెండు నెలల ముందే నిపుణుల కమిటీలో 11 మందికిగాను 10 మంది... నష్టం కన్నా లాభం ఎక్కువని తేలలేదన్నారు.

కారణాలున్నాయి. మందుల ప్రయోగంలో ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది రోగికి తెలియకూడదు. కానీ ఈ మందు తీసుకున్నాక తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ నమ్మకమే సగం జబ్బు తగ్గించిందేమో! పైగా తొలిదశ ప్రయోగాల్లో ఒక కేంద్రంలో అనైతిక ప్రవర్తన బయటపడి, మూడు పరిశోధన పత్రాలను ఓ వైద్య పత్రిక వెనక్కి తీసుకుంది. మత్తులో ఉన్న రోగి ఎంత నిస్సహాయుడో చెప్పే ఉదంతమది.

ఈసారి తొందర

ఇక 2025. గాలి అటునుంచి ఇటు తిరిగింది. ఒకనాడు నిషేధించిన నిక్సన్ పార్టీ వాళ్లే ఇప్పుడు మాజీ సైనికుల కోసం ఈ మందులు కావాలంటున్నారు. టెక్సాస్ రాష్ట్రం ఇబోగా అనే ఆఫ్రికా మొక్క నుంచి వచ్చే ఇబోగెయిన్ పరిశోధనకు జూన్‌లో 5 కోట్ల డాలర్లు కేటాయించింది. గుండె లయను దెబ్బతీసే ప్రమాదమున్న మందది! అదే నెలలో ఆరోగ్యమంత్రి రాబర్ట్ కెనడీ జూనియర్ ఏడాదిలోగా సైకెడెలిక్ చికిత్సలు అందాలని ఆశిస్తున్నానన్నారు.

మంచిదే. కానీ ఆయన శాఖే ఆ మార్చిలో 10,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. అందులో 3,500 ఎఫ్‌డీఏవే. అక్టోబరు, నవంబరుల్లో అమెరికా ప్రభుత్వం 43 రోజులు మూతపడినప్పుడు ఫీజు కట్టాల్సిన కొత్త మందుల దరఖాస్తులు తీసుకోవడమే ఆగింది. త్వరగా తేల్చమంటూ తేల్చే మనుషుల్ని తగ్గిస్తే ఎలా?

మరో దారీ ఉంది. ఆస్ట్రేలియా 2023 జులై నుంచి ఎండీఎంఏని పీటీఎస్‌డీకి, సైలోసైబిన్‌ని మొండి డిప్రెషన్‌కి ఇవ్వడానికి ఒప్పుకుంది. అదీ ప్రత్యేక అనుమతి పొందిన సైకియాట్రిస్టులు మాత్రమే రాయాలి.

మన దగ్గర...

మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఇవన్నీ నేరమే. ఎల్‌ఎస్‌డీ 0.1 గ్రాము దాటితే చాలు, వాణిజ్య పరిమాణం కిందికొస్తుంది. కనీసం పదేళ్ల జైలు. ‘అమెరికాలో మందట కదా’ అంటూ ఎవరైనా పిల్లలకు పార్టీలో మాత్ర చేతిలో పెడితే అది వైద్యం కాదు. ప్రయోగాల్లో ముందుగా పరీక్షలు చేస్తారు. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు ఉన్నవారినీ, ఇంట్లో దగ్గరివారికి ఉన్నవారినీ సాధారణంగా చేర్చుకోరు. మందు దిగేదాకా గంటల తరబడి నిపుణులు పక్కనే ఉంటారు. మాత్రలో ఏముందో కచ్చితంగా తెలుస్తుంది. బయట దొరికేదానికి ఇవేవీ ఉండవు.

1970లో భయం పరిశోధనను ఆపింది. అది మళ్లీ గాడిన పడేసరికి మూడు దశాబ్దాలు దాటింది. ఈసారి హడావుడిగా అనుమతులిచ్చి, నాలుగు ప్రాణాలు పోతే మళ్లీ తలుపులు మూసుకోవడం ఖాయం. రాజకీయ నాయకులకు అది మరో ఎన్నికల అంశం కావచ్చు. ఏ మందూ పనిచేయక, రాత్రుళ్లు నిద్రలేక ఎదురుచూస్తున్న రోగికి మాత్రం అది జీవితకాలం.